‘నేను’ అనడానికి ఎవరి అనుమతి?

మేం నెలకొకసారి సికింద్రాబాద్‌లో కూచుని కవిత్వం చదువుకుంటాం. పెద్ద సభేం కాదు. చిలకలగూడ వైపు ఒక మిత్రుడి ఇంటి మేడమీద గది, రెండు చాపలు, కింద హోటల్ నుంచి చాయ్. టీచర్లు వస్తారు, పరిశోధక విద్యార్థులు వస్తారు, సంఘాల్లో తిరిగే పిల్లలు వస్తారు. కొన్నాళ్ళ కిందట ఒక డిగ్రీ విద్యార్థిని అక్కడ తన కవిత చదివింది. వాళ్ళమ్మ ఆస్పత్రిలో ఊడ్చి తుడిచే పని చేస్తుంది. రాత్రి ఇంటికొచ్చి పక్కలో పడుకుంటే ఒంటి నుంచి ఫినాయిల్ వాసన. చిన్నప్పుడు ఆ వాసన పడక ఈ పిల్ల గోడవైపు తిరిగి పడుకునేది. ఇప్పుడు హాస్టల్లో ఉంటోంది. పొద్దున్నే వరండా కడిగినప్పుడు అదే వాసన తగిలి ఏడుపొస్తుంది. కవిత అంతే.

మేం బాగుందన్నాం. ఆ తర్వాత సలహాలు మొదలుపెట్టాం. “ఇందులో కులం ఎక్కడుందమ్మా?” అని ఒకరు. “ఇది నీ ఒక్కదాని బాధలాగ ఉంది, మనందరి బాధ కావాలి” అని ఇంకొకరు. “చివర్లో ఆ చీపురు ఆయుధం కావాలి” అని మరొకరు. ఆమె అన్నీ రాసుకుంది. మరుసటి నెల ఆరు పంక్తులు కలిపి తెచ్చింది. చప్పట్లు కొట్టాం. మేం వేసుకున్న చిన్న సంకలనంలో అచ్చేశాం కూడా. ఏడాది తర్వాత ఏదో మాటల్లో, నవ్వుతూనే అన్నది: “ఆఖరి ఆరు లైన్లు మీవే సార్. అవి చదువుతుంటె మా అమ్మ కనపడది.”

ఈ వ్యాసం ఆ మాటకు మేం ఇవ్వలేకపోయిన జవాబు.

కవి సొంత బాధను, సొంత ప్రేమను, సొంత సిగ్గును కవిత్వంలో ఎలా చెప్తాడు అనే ప్రశ్న పాతదే. క్లాసురూముల్లో దీనికి తయారుగా ఒక జవాబుంది: ప్రాచీన కవులు తమ గురించి చెప్పుకోలేదు, భావకవులు చెప్పుకున్నారు, అభ్యుదయ కవులు సమాజం గురించి చెప్పారు, దళిత కవులు కులం గురించి చెప్పారు. పరీక్షకు ఇది చాలు. కాని ఈ జవాబులో ఒక మోసం ఉంది. కవి ‘నేను’ అనడం కవి ఇష్టం మీద ఆధారపడిందన్నట్టు ఇది మాట్లాడుతుంది. అన్ని కాలాల్లో, అన్ని చోట్లా అది అనుమతి వ్యవహారం కూడా. ఎవరు ‘నేను’ అంటే లోకం వింటుంది, ఎవరు అంటే “నువ్వెవరివి” అని అడుగుతుంది? అక్కణ్ణుంచి మొదలుపెట్టకపోతే దళిత కవిత్వంలో వ్యక్తిగత అనుభూతి గురించి ఒక్క ముక్క కూడా సరిగా మాట్లాడలేం.

మన కావ్యశాస్త్రం కథ దుఃఖంతోనే మొదలౌతుంది. క్రౌంచ పక్షుల జంటలో ఒకదాన్ని బోయవాడు కొట్టాడు, వాల్మీకి గుండె కరిగింది, శోకం శ్లోకమైంది. ప్రతి తెలుగు ఎమ్మే క్లాసులోనూ ఈ కథ చెప్తారు. ఆ శ్లోకం నిషాదుడికి పెట్టిన శాపమని కూడా చెప్తారు, కాని అక్కడ ఆగరు. పక్షి కోసం ఋషి పడ్డ బాధ ఆదికావ్యానికి పునాది అయింది. వేటాడకపోతే పూట గడవని మనిషి మాత్రం ఆ కథలోకి శాపం తినడానికే వచ్చాడు. అతని ఆకలికి శ్లోకం లేదు. (ఆ వాల్మీకే బోయవాడని ఇంకో కథ ఉంది. రెండు కథల్నీ ఒకే నోటితో చెప్పే పండితులకు ఏ ఇబ్బందీ కలగదు.)

తర్వాతి ఆలంకారికులు, ముఖ్యంగా భట్టనాయకుడు, అభినవగుప్తుడు, కవి సొంత బాధ రసం కాదని తేల్చారు. బాధ ‘సాధారణీకరణం’ చెందాలి. అంటే ఫలానావాడి బాధ అనే గుర్తు పోవాలి. అప్పుడే సహృదయుడు దాన్ని ఆస్వాదిస్తాడు. తమిళుల సంగం కవిత్వంలో దీనికి దగ్గరగా ఉండే నియమం ఒకటుంది. అకం కవితల్లో, అంటే లోపలి జీవితం చెప్పే ప్రేమ కవితల్లో, మనుషుల పేర్లు పెట్టకూడదని తొల్కాప్పియం చెప్తుంది. అతను, ఆమె, చెలికత్తె, తల్లి, అంతే. వీరుల పేర్లు, రాజుల పేర్లు బయటి లోకం చెప్పే పురం కవితల్లో వస్తాయి. ఈ నియమం మాకు నచ్చుతుంది. పేరు లేకపోతే ఆ ప్రేమను ఎవరైనా తమది చేసుకోవచ్చు. కొండల్లో వేటాడే వాళ్ళు, తీరంలో చేపలెండబెట్టే వాళ్ళు కూడా ఆ కవితల్లో ప్రేమికులే. సంస్కృత సాధారణీకరణంలో అలా కాదు. అక్కడ గుర్తు పోవాల్సింది దుఃఖానికే గాని సహృదయుడికి కాదు. చదువు, తీరిక, సభలో కూచునే అర్హత ఉన్నవాడే సహృదయుడు.

పాత కవులకు ‘నేను’ అనే మాట మీద ముసుగులు చాలా ఉండేవి. అన్నమయ్య శృంగార కీర్తనల్లో మాట్లాడేది ఎక్కువగా స్త్రీలు. క్షేత్రయ్య పదాల్లోనూ అంతే. మగకవి ఆడగొంతు వేసుకుని అలిగాడు, ఏడ్చాడు, ఎదురుచూశాడు. ఆ పదాల్ని తరతరాలుగా పాడి, ఆడి బతికించిన కళావంతుల స్త్రీలు తమ అలకను తమ పేరు మీద రాసుకుంటే ఏమైంది? ముద్దుపళని రాధికాసాంత్వనాన్ని 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ అచ్చేస్తే బ్రిటిష్ ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. దానికి మద్దతు పలికినవాళ్ళు తెలుగు సంస్కర్తలే. మన మౌలాలి గుట్ట కింద సమాధిలో ఉన్న మహలఖా బాయి చందా (1768–1824) సంగతి కొంచెం వేరు. ఆమె ఉర్దూలో గజళ్ళు రాసి దీవాన్ కూర్చుకుంది. గజల్ ఆఖరి షేర్లో కవి తన కలం పేరు చెప్పుకోవడం రివాజు. ‘నేను’ అనే చిల్లరను సంప్రదాయమే జేబులో వేసి పంపుతుంది. ఆమె తవాయిఫే, కాని ఆమెకు నిజాం దర్బారులో పలుకుబడి ఉంది, జాగీర్లున్నాయి. ‘చందా’ అనే పేరు మిగలడంలో ఆ పలుకుబడికీ భాగం ఉందని మా అనుమానం.

జాగీర్లు లేనివాళ్ళ సంతకాలు చూద్దాం. పదహారో శతాబ్దపు మొల్ల తన రామాయణం అవతారికలో తండ్రి పేరు చెప్పుకుంది, తనకు శాస్త్రాలు రావని చెప్పుకుంది. వినయం చాలామంది కవులు చూపించిందే. కాని ఇవాళ్టికీ ఆమెను ‘కుమ్మరి మొల్ల’ అంటాం. నన్నయ ముందు, పోతన ముందు ఎవరైనా కులం పెట్టి పిలుస్తారా? పండరిపురం వైపు వెళ్తే, పద్నాలుగో శతాబ్దపు మహార్ సంత్‌కవి చోఖామేళా విఠోబా గుడి బయట, మెట్ల దగ్గర సమాధిలో ఉన్నాడు. బతికున్నప్పుడు ఎక్కడ నిలబెట్టారో చనిపోయాకా అక్కడే. 1948లో అంబేద్కర్ తన ‘అంటరానివారు’ పుస్తకాన్ని అంకితమిచ్చిన ముగ్గురిలో అతనొకడు. అతని భార్య సోయరాబాయి కూడా అభంగాలు కట్టింది. వాటి చివర ఆమె వేసుకున్న ముద్ర తన పేరు కాదు, ‘చోఖా గారి మహారిని’ అన్నట్టుగా ఉంటుంది. మొగుడి పేరు, కులం పేరు. ఆమె సొంత పేరుకు ఆ ముద్రలో చోటు దొరకలేదు. కాని అంటు, మైల అనే మాటలను శరీరం నుంచి ప్రశ్నించిన గొంతు అదే. పుట్టిన ప్రతి దేహమూ మైలలోంచే వచ్చింది గదా అని అడగడానికి ప్రసవం తెలిసిన మనిషే కావాలి.

ఇంకా దూరం వెళ్దాం. పశ్చిమ ఆఫ్రికాలో పుట్టి, 1761లో ఏడెనిమిదేళ్ళ వయసులో బానిసగా బోస్టన్ రేవులో దిగిన ఒక పాపకు ఆమెను తెచ్చిన ఓడ పేరే పెట్టారు: ఫిలిస్. కొనుక్కున్న ఇంటి పేరు వీట్లీ. అలా ఫిలిస్ వీట్లీ అయింది. 1773లో ఆమె కవితల పుస్తకం లండన్‌లో అచ్చయింది. ఆ పుస్తకం ముందు ఒక ధ్రువపత్రం ఉంది. ఈ కవితలు నిజంగా ఈ నల్లపిల్లే రాసిందని బోస్టన్ పెద్దమనుషులు 18 మంది సంతకాలు పెట్టారు. అందులో గవర్నరు కూడా ఉన్నాడు. మనవాళ్ళకు సర్టిఫికెట్ల మీద గెజిటెడ్ సంతకాలు కొత్త కాదు గదా! ఆమె పుస్తకంలో చాలా కవితలు ఎలిజీలు, అంటే ఎవరో చనిపోతే వాళ్ళ బంధువుల్ని ఓదార్చే పద్యాలు. తెల్లవాళ్ళ చావుల మీద అన్ని పద్యాలు రాసిన పిల్ల, తనను తల్లిదండ్రుల నుంచి ఎత్తుకొచ్చిన సంగతి మాత్రం ఒక ఇంగ్లీషు ప్రభువుకు రాసిన కవితలో, స్వేచ్ఛ గురించి మాట్లాడుతూ, మధ్యలో కొన్ని పంక్తుల్లో చెప్పింది. తన తండ్రి ఎంత ఏడ్చి ఉంటాడో అని. ఆ కాసిని పంక్తుల కోసం ఆ కవిత మొత్తం కట్టుకుందా అనిపిస్తుంది మాకు. సొంత దుఃఖాన్ని అడిగినవాళ్ళు లేరు. అందుకని ఇంకెవరికో రాసే ఉత్తరంలో దాచి పంపింది.

ఇది అర్థమైతే జాషువా అర్థమౌతాడు.

1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువాను మన పాఠ్యపుస్తకాలు ‘కరుణరస కవి’ అని ఒక మాటతో సర్దేస్తాయి. ఆయన పద్యం విని మెచ్చుకున్నవాళ్ళే కులం ఏదని అడిగి, తెలిశాక లేచి వెళ్ళిపోయిన అనుభవాన్ని ఆయనే పద్యం చేశాడు. అందులో బాధ ఎంత ఉందో ఆ లేచిపోయిన వాళ్ళ మీద నిఘా కూడా అంతే ఉంది. అయితే ఆయన తన గాయాన్ని ఎక్కువసార్లు ఇంకొకరి ఒంటి మీద పెట్టి చూపించాడు. ‘పిరదౌసి’ (1932) తీసుకోండి. గజనీ మహమ్మదు షానామా రాయించుకుని, పద్యానికో బంగారు నాణెం ఇస్తానని మాటిచ్చి వెండి చేతిలో పెట్టాడన్న కథ. తొమ్మిది వందల ఏళ్ళ కిందటి పారశీక కవి, ముస్లిం రాజు, పరాయి దేశం. కాని చేసిన పనికి కూలి రాని కోపం ఎవరికి తెలుసు? మాటిచ్చి తప్పిన దొర గడప ముందు నిలబడడం ఏ వాడకు తెలుసు? ఆ కోపాన్ని జాషువా తన పేరుతో చెప్తే గర్వమనేవాళ్ళు. పిరదౌసి నోట పెడితే కళ్ళు తుడుచుకున్నారు.

‘గబ్బిలం’ (1941) ఇంకా గట్టి పని. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు ఏడాది శిక్ష పడి పెళ్ళానికి దూరమయ్యాడు. మేఘాన్ని పిలిచి, అలకాపురిలో ఉన్న భార్యకు కబురు చెప్పమన్నాడు. సంస్కృత కవిత్వంలో ప్రేమికుడి ఒంటరితనానికి అంతకన్నా పేరున్న కావ్యం లేదు. జాషువా ఆ చట్రాన్ని అట్లాగే తీసుకున్నాడు. దూరంగా ఒక మనిషి, దూత, దారి వర్ణన, సందేశం. కాని తంజావూరు వైపు గుడిసెలో ఉన్న ఈ మనిషికి శిక్ష ఏడాది కాదు, పుట్టుక. కబురు భార్యకు కాదు, కాశీలో ఉన్న విశ్వేశ్వరుడికి. దూత మేఘం కాదు, గబ్బిలం. ఎందుకు గబ్బిలం? ఈ మనిషికి ప్రవేశం లేని గుడిలోకి దానికి ఉంది. అర్చకుడు పక్కన లేనప్పుడు దేవుడి చెవిలో చెప్పమంటాడు. అపశకునమని జనం తరిమేసే జీవి, జనం తరిమేసిన మనిషి, ఇద్దరూ రాత్రిపూట గుడిసెలో మాట్లాడుకోవడం కన్నా వ్యక్తిగతమైన సన్నివేశం తెలుగులో ఎక్కడుందో చూపించమనండి. యక్షుడి విరహం వ్యక్తిగతం, ఈయన గోడు సామాజికం అని విడదీసి చెప్పే సారుకు మేం చెప్పేదొకటే. గుడి బయట నిలబడ్డవాడి ఒంటరితనం కూడా ఒంటరితనమే.

ఇంకొకటి చెప్పి జాషువాను వదులుతాం. సత్యహరిశ్చంద్ర నాటకం ఆడితే కాటిసీను కోసం పల్లెలు తెల్లవార్లూ కూచునేవి. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలోని ఆ సీన్లో నటులు జాషువా ‘శ్మశానవాటి’ పద్యాలు తెచ్చి కలుపుకున్నారు. రాజు కాటికాపరి అయితే ఊరంతా ఏడ్చింది, వన్స్‌మోర్ కొట్టింది. ఊరి నిజమైన కాటికాపరి ఆ జనానికి కాస్త ఎడంగా కూచుని చూసేవాడు. పద్యం రాసింది ఏ చెయ్యో సగం మందికి తెలీదు. ఇదీ సాధారణీకరణమే మరి!

57 ఏళ్ళ తర్వాత, 1998లో, ఎండ్లూరి సుధాకర్ ‘కొత్త గబ్బిలం’ రాశారు. సుధాకర్ (1959–2022) నిజామాబాద్‌లో పుట్టినా పెరిగింది ఈ జంటనగరాల్లోనే. 1980లలో సికింద్రాబాద్ వెస్లీ స్కూల్లో తెలుగు పండితుడిగా పాఠాలు చెప్పారు. తాత పంపిన దూతను మనవడు మళ్ళీ పిలిచినట్టుంటుంది ఆ దీర్ఘకవిత. తేడా ఏమిటంటే, సుధాకర్‌కు ముసుగు అవసరం లేదు. ఆయన తరానికి ముందే కొన్ని సంగతులు జరిగిపోయాయి.

1985 జూలై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు. కారంచేడులో గొడవ మొదలైంది తాగునీటి చెరువు దగ్గర, ఒక స్త్రీ ఎత్తిన బిందెతో. చుండూరులో ఎనిమిది మందిని చంపారు. ఆ తర్వాత తెలుగు కవిత్వంలోకి ‘మేము’ వచ్చింది. అంతకు ముందు లేదని కాదు, 1920లలోనే రాజమండ్రి కుసుమ ధర్మన్న, గరిమెళ్ళ పాటకు ఎదురుగా ‘మాకొద్దీ నల్లదొరతనము’ అన్నాడు. కాని 1995లో ‘చిక్కనవుతున్న పాట’ వచ్చినప్పుడు ఒక తరం మొత్తం ఒక్కసారి నోరు తెరిచినట్టయింది. మద్దూరి నగేష్‌బాబు, పైడి తెరేష్‌బాబు లాంటివాళ్ళ కవిత్వంలో వెటకారం, తిట్టు, వాడ భాష ముసుగు లేకుండా వచ్చాయి. (ఇద్దరూ చిన్న వయసులోనే పోయారు. దళిత కవుల వయసుల గురించి ఎవరైనా విడిగా రాయాలి.) మరాఠీలో ఈ పని 1972లోనే నామ్‌దేవ్ ఢసాల్ ‘గోల్‌పిఠా’తో మొదలైంది. ముంబయిలో ఒళ్ళమ్ముకునే వీధుల పక్కన పెరిగిన మనిషి మాటలు అవి. దానికి ముందుమాట రాసిన విజయ్ తెందుల్కర్ అంతటి రచయితే కొన్ని మాటలకు అర్థాలు కవినే అడిగి తెలుసుకోవాల్సొచ్చింది.

అప్పుడు మొదలైంది ఫిర్యాదు: “ఇందులో అనుభూతి ఏదీ? నినాదం ఉంది, శిల్పం లేదు.” ఇప్పటికీ మన విద్యార్థులు సెమినార్లలో ఈ మాట ఎదుర్కొంటున్నారు. దీనికి జవాబు గట్టిగానే చెప్పాలి. కృష్ణశాస్త్రి ‘కృష్ణపక్షం’ (1925) దుఃఖాన్ని తన సొంత ఆస్తిగా ప్రకటించుకుంటే అది ఆత్మాశ్రయ కవిత్వమైంది. ఆ దుఃఖానికి కారణం ఏమిటని ఎవరూ నిలదీయలేదు. కారణం చెప్పనక్కరలేకపోవడమే దాని హోదా. దళిత కవి దుఃఖానికి కారణం ఉంది, చిరునామా ఉంది, ఎఫ్.ఐ.ఆర్. నంబరు ఉంది. కారణం తెలిసిన దుఃఖం అనుభూతి కాకుండా పోతుందా? కోపం మాత్రం వ్యక్తిగత అనుభూతి కాదా? హోటల్లో విడిగా పెట్టిన గ్లాసు చూసినప్పుడు మొదట కాలేది ఒక్క మనిషి కడుపే. ఆ తర్వాతే అది ఉద్యమం అవుతుంది. 1926లో అమెరికా నల్లకవి లాంగ్‌స్టన్ హ్యూస్ ఒక వ్యాసం రాశాడు. నేను నల్లకవిని కాదు, కవిని అనిపించుకోవాలని ఉందని ఒక కుర్రకవి తనతో అన్న మాటతో ఆ వ్యాసం మొదలౌతుంది. ఆ కోరిక అడుగున తెల్లవాడిలా ఉండాలన్న కోరిక దాక్కుని ఉందని హ్యూస్ భయపడ్డాడు. మన దగ్గర ‘దళిత కవి’ అంటే గింజుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు గనక ఆ వ్యాసం చదివించాలి.

ఇంతవరకూ చెప్పింది ఎదుటివాళ్ళకు. ఇక మాకు మేం చెప్పుకోవాల్సింది.

‘మేము’ అనే మాట గెలిచాక అది ‘నేను’ను ఊళ్ళోకి రానివ్వడం మానేసింది. దీన్ని మొదట పట్టుకున్నది దళిత స్త్రీలు. 2003లో గోగు శ్యామల ‘నల్లపొద్దు’ పేరుతో 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసినదాన్ని ఒకచోటికి తెచ్చారు. ఎనభై ఏళ్ళ రాత అప్పటిదాకా ఒక్క చోట ఎందుకు లేదన్నదే మాకు తగలాల్సిన ప్రశ్న. ఆ వరసలో జూపాక సుభద్ర ‘కొంగు’ కవితను మా చదువులో చాలాసార్లు చదివాం. అంతకు ముందు జయప్రభ పైట మీద రాసిన కవిత స్త్రీవాదంలో బాగా పేరు పొందింది. ఆడదాని ఒంటి మీద కాపలాగా కూచున్న గుడ్డ అది, దాన్ని వదిలించుకోవాలన్న కోపం. న్యాయమైన కోపమే. కాని సుభద్రకు ఆ గుడ్డ అట్లా కనపడదు. పొలంలో వంగిన ఆడమనిషికి కొంగు చెమట తుడుస్తుంది, తలపాగా అవుతుంది, గింజలు మూటగడుతుంది, ఏడుపొస్తే నోట్లో కుక్కుకోవడానికి అక్కరకొస్తుంది. ఒకే గుడ్డ. ఒకామెకు సంకెల, ఇంకొకామెకు తోడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. అనుభూతి మనసులోంచి పుడుతుందంటారు గదా, ఆ మనసు ఏ పని చేసి ఇంటికొచ్చిందో అడక్కుండా అనుభూతి గురించి మాట్లాడడం ఎట్లా? ‘కొంగు’ చదివాక మాకు తెలిసిందేమంటే, ‘మేము స్త్రీలం’, ‘మేము దళితులం’ అనే రెండు పెద్ద మాటల మధ్య ఇమడని ఒక ‘నేను’ ఉంది. అది ఇమడకపోవడమే ఆ కవిత బలం.

నిజానికి ఈ పాఠం మా ఇళ్ళల్లోనే ఉంది, కవిత్వమని మేమే అనుకోలేదు. తెలంగాణ పల్లెల్లో మనిషి పోతే ఆడవాళ్ళు శోకం పెడతారు. అది ఊరికే ఏడుపు కాదు. చనిపోయినవాణ్ణి వరస పెట్టి పిలుస్తారు, వాడు చేసిన మంచి చెప్తారు, తెచ్చిన అప్పు చెప్తారు, తాగి కొట్టిన రాత్రి కూడా కొన్నిసార్లు ఆ రాగంలోనే బయటికొస్తుంది. అందరి ముందు, అందరికీ తెలిసిన బాణీలో, ఒక్క మనిషి మాత్రమే చెప్పగలిగిన సంగతులు. చుట్టూ ఉన్నవాళ్ళు అందుకుని తమ చావుల్ని తలుచుకుని ఏడుస్తారు. అక్కడ ఎవరూ “నీ ఒక్కదాని బాధ చెప్తున్నావు” అనరు. ఒక్కదాని బాధ పూర్తిగా చెప్తేనే పదిమందికీ అందుతుందని ఆ అమ్మలకు తెలుసు.

అల్వాల్ వెంకటాపురంలో ఉండిన గద్దర్‌కు కూడా తెలుసు. గోచీ, గొంగడి, చేతిలో కర్రతో వేల మంది ముందు ఆడిన మనిషి. ఆయన పాటల్లో చాలావాటిలో మాట్లాడేది తల్లి, చెల్లి. 1997 ఏప్రిల్ 6న ఇంటి దగ్గరే ఆయన మీద తూటాలు పేల్చారు, ఒకటి 2023లో చనిపోయేదాకా ఒంట్లోనే ఉండిపోయింది. ఆయన పాటల్లో సభలు, బ్యానర్లు దాటి పెళ్ళిళ్ళలోకి, అప్పగింతల్లోకి వెళ్ళిపోయిన పాట ఒకటుంది. 1995లో ‘ఒరేయ్ రిక్షా’ సినిమాకు ఆయన రాసిన, అన్న చెల్లెలి మీద పాడే పాట. నంది అవార్డు ఇస్తే ఆయన వద్దన్నారు. ఆ పాటలో వర్గశత్రువు ఎక్కడని అడిగినవాళ్ళను మేం చూళ్ళేదు. పాటకు ఇచ్చిన ఆ సెలవును కాగితం మీద రాసే పిల్లలకు ఎందుకివ్వం?

2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల రాసిపెట్టి పోయిన ఉత్తరం మనందరం చదివాం. ఊరేగింపుల్లో దాన్ని చదివాం, గోడలకు అంటించాం. అది కులం మీద నేరారోపణ అన్నాం. నిజమే. కాని అందులో బాల్యపు ఒంటరితనం గురించి, నక్షత్రాల మీద, శాస్త్రం మీద ఇష్టం గురించి ఉన్న వాక్యాల్ని మేం గబగబా దాటేశామని ఇప్పుడనిపిస్తోంది. ఆ ఒంటరితనం ఆయన బతికుండగా ఎవరికైనా కవితగా చదివి వినిపించి ఉంటే మాలాంటి చదువరులు ఏం సలహా ఇచ్చి ఉండేవాళ్ళు? ఈ ప్రశ్న మమ్మల్ని నిద్రపోనివ్వదు. చివర ఒక పిడికిలి పెట్టమనేవాళ్ళమేమో.

టీచర్లుగా ఉన్న మిత్రులకు ఒక పనిమాట. పిల్లలు కవిత తెచ్చినప్పుడు “వస్తువు ఏమిటి?” అని అడిగే ముందు “ఆ వాసన ఎట్లుండేది?”, “గది ఎంత ఉండేది?”, “అప్పుడు నీ వయసెంత?” అని అడిగి చూడండి. కులం తనంత తాను బయటికొస్తుంది. ఫినాయిల్ వాసన ఏ కులం ఇళ్ళల్లోకి రోజూ రాత్రి నడిచొస్తుందో కవిత చివర మళ్ళీ చెప్పనక్కర్లేదు. మేం చెప్పించాం. అక్కడ తప్పింది మేమే, ఆ పిల్ల కాదు.

మొన్న ఆమెను మళ్ళీ పిలిచాం. కవిత మొదటి రూపం ఇవ్వమని అడిగాం, ఈసారి అదే వేస్తామన్నాం. కాగితం లేదన్నది. సంకలనంలోది చూసి రాసుకున్నాక పాతది పారేసిందట. “మరి అమ్మకు ఏది చదివి వినిపించావు?” అని అడిగాం.

“మొదటిదే అక్కా. రాసిన రోజే సదివిన.”

“ఏమన్నదీ?”

“నువ్వు గోడ దిక్కు తిరిగి పండేదానివని నాకెరికే బిడ్డా, అన్నది.”

ఆ మాట కూడా కవితలో పెట్టమని మాలో ఒకరు అనబోయి ఆగిపోయారు. ఆమె గుర్తున్నంత మేరకు చెప్తూ పోయింది, మేం రాసుకున్నాం. రెండు చోట్ల పంక్తులు గుర్తుకు రాలేదు. అక్కడ ఖాళీ వదిలిపెట్టాం.